వానకు నిండని మడుగు

శ్రావణమాసంల ఒకనాడు పొద్దుగాల, వరంగల్ మట్టెవాడల మా ఇంట్ల చాయ్ పెట్టుకుంటాన, కొమురమ్మ ఫోన్ చేసింది. కొమురమ్మ మా మేనమామ బిడ్డ. నాకంటే ఐదారేండ్లు చిన్నది. మా అమ్మమ్మ ఊర్లనే ఉంటది, దిబ్బలమడుగు ఒడ్డున ఏటేటా కర్బూజ పెట్టుకొని బతుకుతది. మడుగుకు సర్కారోళ్లు హద్దురాళ్లు పాతుతాన్రట. వాళ్లు గీసిన గీతకు సగం మడుగు బయటనే పోతాందట. ఆ బయట పోయిన సగంల ప్లాట్లు చేసుటానికి ఎవరో తయారుగ ఉన్నరట. "నువ్వు సదువు చెప్పినదానివి వదినా, జర వచ్చి వాళ్లకు చెప్పు" అన్నది. ఎప్పుడు కొలుస్తాన్రని అడిగిన. ఇప్పుడే కొలుస్తాన్రు, వానకాలం గదా అన్నది. దిబ్బలమడుగును శ్రావణంల కొలిచెటోళ్లకు ఏం చెప్పాలె, ఎక్కడినుంచి మొదలువెట్టి చెప్పాలె. చాయ్ పొంగి స్టవ్వంత పారింది, అదొకటి.

ఈ సంగతి ఎవరికి చెప్పినా నన్ను ఎగాదిగా చూస్తరు కాబట్టి నిమ్మలంగ చెప్త. కేసముద్రంల రైలు దిగి, పత్తి చేన్ల నడుమ చానా దూరం లోపలికి పోతే మా అమ్మమ్మ ఊరు. ఎన్నడో పెద్దల కాలంల అక్కడ వాగు పారిందట. వాగు దారి మార్చుకొని పక్కకు జరిగింది, ఇసుకను మాత్రం ఇక్కడనే విడిచిపెట్టింది. ఆ ఇసుక గాలికి లేచి లేచి దిబ్బలయింది. ఏడెనిమిది దిబ్బలు, మీద అక్కడక్కడ తంగేడు, ఈత, జిల్లేడు, పేరు తెల్వని గరుకు గడ్డి. వాటి నడుమ గంప లెక్క పల్లం. అదే దిబ్బలమడుగు. దానికి కట్ట లేదు, తూము లేదు, మత్తడి లేదు. ఎవరూ తవ్వలే, ఎవరూ కట్టలే. కట్ట లేనిది చెరువెట్లయితదని ఆఫీసుల అడుగుతరు. ఆ మాట ఒక్కటి పట్టుకొని మనిషిని ఎన్ని టేబుళ్ల సుట్టు తిప్పుతరో నాకు తెలుసు.

అన్ని చెరువులు వానకు నిండుతయి. ఇది నిండదు. వాన ఎంత దంచికొట్టినా దిబ్బల మీద పడ్డది పడ్డట్టే లోపలికి ఇంకిపోతది, ఒక్క చుక్క కిందికి ఉరకది. పక్క ఊరి చెరువు నిండి మత్తడి దుంకుతాంటే, మా మడుగుల బర్రె పండుకునేంత నీళ్లు సుత ఉండకపోయేది. పక్క ఊరోళ్లు నవ్వేటోళ్లు. దసరా పోతది, దీపావళి పోతది, వానలు కతమైతయి, చలి మొదలైతది. అప్పుడు దిబ్బలు తాగిన నీళ్లను మెల్లగ అడుగునుంచి విడుస్తయి. పొద్దుగాల లేచి చూస్తే నిన్నటి నీటి అంచు ఇయ్యాల జానెడు ముందటికి జరిగి ఉండేది. ఆకాశంల మబ్బు తునక ఉండది, ఎండ ఫెళ్లున కాస్తాంటది, మడుగు మాత్రం నిండుతాంటది. పుష్యమాసానికి, ఆ దిబ్బలల్ల ఒకటైన గొర్లదిబ్బ కాళ్లకాడికి వచ్చి ఆగేది. అట్ల నిలబడి, మాఘం దాటినంక మళ్ల వెనుకకు పోవుడు షురూ చేసేది. పక్క ఊరి చెరువులు ఎండి నెర్రెలు ఇచ్చేనాటికి మా మడుగుల నడుములోతు నీళ్లుండేటివి. అప్పుడు పక్క ఊరోళ్లు బిందెలు పట్టుకొని మా దిక్కే వచ్చేటోళ్లు, నవ్వకుండ.

నేను అక్కడ పెరిగింది నాలుగేండ్లే. మా తమ్ముడు పుట్టినప్పుడు అమ్మకు పానం బాగలేక చానా రోజులు దవాఖానల ఉన్నది. నాయిన మగ్గం మీద జంపఖానాలు నేసెటోడు, నన్ను చూసుకునే తీరిక యాడిది, తీసుకపోయి అమ్మమ్మ కాడ దించిండు. అమ్మమ్మ పొడుగ్గ, ఎండిన కట్టె లెక్క ఉండేది. నోరు మాత్రం ఎండలే. లేచిన కాడినుంచి పండేదాక కోడిని, ఎడ్లను, మామను, సూర్యుణ్ని సుత తిట్టేది. చుట్ట తాగేది. ఆమె చీరకు చుట్ట వాసన, తడి ఇసుక వాసన కలిసి ఉండేటివి. పొద్దు పొడవకముందే నన్ను లేపి ఒక చేతిల ముంత, ఒక చేతిల సొరకాయ బుర్ర పెట్టి గొర్లదిబ్బ కాడికి తోలుకపోయేది. అక్కడ మా చెలిమె ఉండేది. చెలిమె అంటే ఏంది, ఇసుకల చేతులతోటి తోడిన గుంత. నిన్నటి గుంతల రాత్రంత ఊరిన నీళ్లు తొలుత పారబోసి, మళ్ల ఊరేదాక కూసోవాలె. రెండోసారి ఊరినవే తాగే నీళ్లు. ఆగకుండ ముంచితే ఆమె నా చెవు మెలిపెట్టేది. తీసినంక ముళ్లకంప కప్పి వచ్చేటోళ్లం. ఇంటికొచ్చి జొన్నగట్కల సల్ల పోసుకొని తాగితే ఆ నీళ్ల చల్లదనం కడుపుల మధ్యాహ్నం దాక ఉండేది.

కొత్త చెలిమె తోడేటప్పుడు అమ్మమ్మ ఇసుకల చెయ్యి పెట్టేది. జబ్బదాక పోయినా తడి తగలలేదంటే ఆషాఢం. మోచేతికాడ తగిలితే బతుకమ్మలు వస్తాన్నయన్నట్టు. మణికట్టుకాడ తగిలితే ఇగ మడుగు ఇక్కడిదాక రావటానికి మూడు వారాలు. ఆమెకు క్యాలెండర్ రాదు, చదువు రాదు, చెయ్యి పెట్టి చెప్పేది. ఊరంత ఆ మాట కోసమే చూసేది, ఎందుకంటే ఊరి పంటంత దాని మీదనే. నీళ్లు వెనుకకు జరుగుతాంటే తడి ఇసుక బయటపడ్తది. ఆ తడిల గుంతలు తీసి, పెంట వేసి, గుడ్డల నానబెట్టిన గింజలు పెట్టేటోళ్లు. నీళ్లు వారం వారం ఎంత జరిగితే అంత కొత్త వరుస. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క పట్టె, గొర్లదిబ్బనుంచి మడుగు నడుమదాక నిట్టనిలువుగ. ఎవరూ పత్రం రాసుకోలే. ఎండాకాలం మొదట్ల గొర్లదిబ్బ దిక్కు కర్బూజ పండేది, చివరకు నడుమ పుచ్చకాయ పండేది. ఊరంత కర్బూజ వాసనే. బువ్వల సుత అదే వాసన.

ఇగ నేను చెప్పాల్సింది, ఇన్నేండ్లు నవ్వుకుంట చెప్పింది, ఇప్పుడు నవ్వు రాకుండ చెప్తాన. నాకు అప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏండ్లు. ఒక వానకాలం భూముల లెక్కలు చూసే గిర్దావరు సారు జీపుల వచ్చిండు. మడుగు ఎంత ఉన్నదో రాసుకొని హద్దు పెడ్తరని పట్వారీ ముందురోజే చెప్పిండు. ఆ రాత్రి పెద్దోళ్లంత మా అరుగు మీద కూసున్నరు. మడుగని రాస్తే చేపలకు వేలం పెడ్తరు, ఒడ్డున గింజ పెట్టనియ్యరు, పక్క చెరువు శిఖంల, ఆ మునక నేలల, అట్లనే అయింది అని ఒకలంటే, ఎంత తక్కువ చూపిస్తే అంత మంచిదని ఇంకొకలన్నరు. అమ్మమ్మ చుట్ట తీసి, "నీళ్లున్నయని రాసుకున్నంక ఇగ ఆ నేల మనది కాదు" అన్నది. తెల్లారి సారుకు అందరు ఒకటే మాట చెప్పిన్రు. నడుమల ఉన్న ఈ గుంతనే సారూ, మహా అయితే జంట ఈతచెట్ల దాక వస్తయి అన్నరు. జంట ఈతచెట్లు నడుమనుంచి గొర్లదిబ్బకు సగం దూరంల ఉంటయి. వానకాలం గదా, కండ్ల ముందట మడుగు సుత వాళ్ల మాటకు సాక్ష్యం చెప్తాంది.

సారుకు నమ్మకం కుదరలే. సుట్టు చూసిండు, నేను కనబడ్డ. పిల్లలు అబద్ధం చెప్పరని పట్వారీతోటి అన్నడు. నా ముందట గొంతుక్కూసోని, "నువ్వు చెప్పు బిడ్డా, నీళ్లు యాడిదాక వస్తయి?" అని అడిగిండు. నాకెవ్వరు నేర్పలే. నేనే అమ్మమ్మ మొఖం చూసిన. ఆమె ఎటో చూస్తాంది. నేను చెయ్యెత్తి జంట ఈతచెట్లు చూపించిన. సారు లేచి అక్కడనే రాయి పాతించిండు. ఆ మాపటికి అమ్మమ్మ నాకు నెత్తికి నూనె పెట్టి, ఉన్న ఒక్క గుడ్డు నాకే ఉడకబెట్టింది. వాడకట్టు వాడకట్టంత నన్ను పిలిచి మరీ మెచ్చుకున్నరు. పుట్టిన కాడినుంచి నన్ను అంతమంది మెచ్చుకున్నది అదే మొదలు. నాకు ఎంత గర్వమంటే, వరంగల్ తిరిగొచ్చినంక అమ్మకు, నాయినకు, తర్వాత మా ఆయనకు, నా పిల్లలకు, స్టాఫ్ రూంల తోటి టీచర్లకు ఎన్నిసార్లు చెప్పిననో లెక్కలేదు. సర్కారునే బోల్తా కొట్టిచ్చిన పిల్లనని. అందరు నవ్వేటోళ్లు.

ఇంకా సిగ్గుపడే సంగతి చెప్త. బడిల నేను చెప్పింది సామాన్యశాస్త్రం. బోర్డు మీద ఇసుక పొరలు గీసి, బాణం గుర్తులు పెట్టి, వాన నీళ్లు భూమిలకు ఎట్ల ఇంకుతయో, మళ్ల ఊటగ ఎట్ల బయటకొస్తయో ఎన్ని క్లాసులకు చెప్పిననో. దిబ్బలమడుగు పేరు చెప్పి మరీ చెప్పిన. ఆ రాయి బయట భూమి ఏమయితాందో మాత్రం ఒక్కసారి సుత అడగలే. అది మెల్లగ ఎవరి పేరు మీదనో పట్టా అయిందట, చేతులు మారిందట. నేల మనదే ఉండాల్నని చెప్పిన అబద్ధమే నేలను తీసుకపోయింది. దిబ్బల ఇసుక లారీలకెక్కుతాంటే కొమురమ్మ ఫోన్ల చెప్పేది. అయ్యో అనేదాన్ని. మట్టెవాడల మా ఇంటి మీద అంతస్తు వేసినప్పుడు ఆ ఇసుక ఎక్కడిదని మేస్త్రీని నేను అడిగిననా? అడగలే. మంచి ఇసుక, సన్నది, శుభ్రమైనది అంటే సంబురపడ్డ.

కొమురమ్మ ఫోన్ చేసిన తెల్లారే పోయిన. కాళ్ల నొప్పులు, ఆటో కుదుపులు, దిగేసరికి నడుములు విరిగినయి. ఉత్తరం దిక్కు రెండు దిబ్బలు లేనే లేవు, నున్నటి మైదానం చేసిన్రు. అక్కడ రంగు వేసిన గుంజలు, ఒక గేటు, గేటు మీద పెద్ద పేరు. కొలిచేటందుకు వచ్చిన ఇరిగేషన్ ఏఈ సారు చిన్న పిల్లగాడు, నా శిష్యుడయ్యే వయసు. మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించిండు. నేను చెప్పిందంత విన్నడు, మధ్యల ఫోన్ సుత ఎత్తలే. ఆఖరికి, "మేడం, నిండు నీటి హద్దు అంటే వానకాలంల చూసేదే గదా. మీరేమో వానకాలంల చూడొద్దంటాన్రు" అన్నడు. మళ్ల మొదటినుంచి చెప్పిన. మళ్ల విన్నడు. ఇంట్రెస్టింగ్ మేడం అన్నడు. ఇంట్రెస్టింగ్ అంటే పక్కకు పెట్టుడని ఉద్యోగం చేసినోళ్లందరికి తెలుసు. నాకు యాష్టకొచ్చింది. బ్లాక్‌బోర్డు ఉంటే అక్కడనే గీసేదాన్ని.

అప్పుడతను పాత కాగితం నకలు తీసిండు. పంచనామా. గ్రామస్తులు చూపిన మేరకు నీటి హద్దు జంట ఈతచెట్ల వరకు అని రాసి ఉన్నది. కింద ఊరి పెద్దల వేలిముద్రలు. "మీ ఊరోళ్లే చెప్పిన్రు గదా మేడం. మేము కొత్తగ కల్పిస్తలేము" అన్నడు. కొమురమ్మ ఆ కాగితం దిక్కు చూసి, మా పెద్దలు ఎందుకట్ల చెప్తరు, ఇది దొంగ కాగితమని లొల్లి మొదలువెట్టింది. పెట్టదా మరి. ఆమె పట్టె ఈతచెట్లకు గొర్లదిబ్బకు నడుమనే ఉన్నది. అది పోతే అరవై ఏండ్ల మనిషి ఎవరి చేన్లకో కూలికి పోవాలె. ఇగ నాకు దాచుటానికి ఏం మిగల్లే. దొంగ కాగితం కాదు, ఆ చెట్లు చూపించింది నేనే అని చెప్పిన. గిర్దావరు నన్నే అడిగిండని, నేను తెలిసే అబద్ధం చెప్పిననని, అన్ని చెప్పిన.

ఏఈ సారు ఆ కాగితం మళ్ల ఒకసారి చదివిండు. "మేడం, అప్పుడు చెప్పింది అబద్ధమని మీరే అంటాన్రు. ఇప్పుడు చెప్పేది నిజమని నేనెట్ల రాయాలె?" అన్నడు. ఎటకారం లేదు అతని గొంతుల, నిజంగనే అడుగుతాండు. కొమురమ్మ మాట్లాడింది, నాతోటి. "ఈ బయట భూమి పట్టా అయినప్పుడు ఎందుకు చెప్పలే వదినా? నువ్వు సదువుకున్నదానివి గదా" అన్నది. ఒర్రలే, తిట్టలే. తిడితే బాగుండు.

ఆ పిల్లగాడు మంచోడు గనుక ఒక దారి చూపించిండు. ఫైలు మాఘం దాక ఆపుత, పుష్యంల ఒక్కసారి వస్త, నీళ్లు యాడిదాక వస్తే ఆడనే రాయి పెడ్త, ఎవరి మాట అక్కర్లేదన్నడు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ వానకాలం, చలికాలం నేను బతికింది ఫోన్ల మీదనే. వారం వారం కొమురమ్మకు ఫోన్ చేసి చెలిమె సంగతి అడిగేదాన్ని. బతుకమ్మలనాడు అడిగితే, చెయ్యి జబ్బదాక పోయినా తడి తగుల్తలేదన్నది. మోచేతికాడ తగలాలె ఆ రోజులకు. సరిగ్గ పెట్టవే అని కసురుకున్న. ఈ యేడు వానలు ఆలస్యమని నాకు నేనే చెప్పుకున్న. దీపావళికి అదే మాట. కార్తీకంల నడుమల నీళ్లు జరుగుతాన్నయి వదినా అని చెప్తే మా ఇంట్ల అందరికి స్వీట్లు తెప్పిచ్చిన. మా కోడలు నాకేదో అయిందనుకున్నది. వానలు మంచిగనే పడ్డయి, పేపర్ల రోజు వచ్చింది. తాగుటానికి దిబ్బలు లేకుంటే వాన ఎంత పడితే ఏంది. అది నాకు తెలవదా? బోర్డు మీద గీసినదాన్నే గదా. తెలిసి సుత, వస్తయి వస్తయి అనుకుంట కూసున్న.

పుష్యంల ఏఈ సారు ఫోన్ చేసి రోజు చెప్పిండు. మాట తప్పలే. నేను ముందురోజే పోయి కొమురమ్మ ఇంట్ల పండుకున్న. తెల్లారి ముగ్గురం మడుగుకాడికి పోయినం. చలి కొడ్తాంది, ఆకాశంల మబ్బు లేదు, నీళ్లు అద్దం లెక్క నిలకడగ ఉన్నయి. జంట ఈతచెట్లకాడికి వచ్చి ఆగినయి. ఒక చెట్టు మొదలు తడిసింది, ఇంకో చెట్టు పొడిగ ఉన్నది. పాత రాయి నీటి అంచుకు సరిగ్గ ఆనుకొని ఉన్నది, కొలిచి పెట్టినట్టు. ఇంకో వారం ఆగుండి, ఇంకా జరుగుతయి అన్న నేను. కొమురమ్మ గొర్లదిబ్బ కాడికి నడిచిపోయి, కూసోని, ఇసుకల చెయ్యి పెట్టింది. జబ్బదాక పెట్టింది. చెంప ఇసుకకు ఆనింది. బయటికి తీసిన చేతికి పొడి ఇసుకే ఉన్నది, దులిపితే రాలిపోయింది. పది దినాలనుంచి అంచు జరగలే, నేనే నీకు చెప్పలే అన్నది.

ఏఈ సారు రాయి దిక్కు, నీళ్ల దిక్కు చూసి నా దగ్గరికొచ్చిండు. నన్ను ఓదార్చాల్నని అతనికి నిజంగనే ఉన్నట్టున్నది. "చిన్నప్పుడు మీరు కరెక్టే చూపించిన్రు మేడం" అన్నడు. జీపు బానెట్ మీద కాగితం పెట్టి పంచనామా రాసిండు. నీటి హద్దు జంట ఈతచెట్ల వరకు అని చదివి వినిపిచ్చిండు. సాక్షి అన్న చోట వేలు పెట్టి చూపించి, నిజమే గదా మేడం, సంతకం పెడ్తరా అని అడిగిండు. కొమురమ్మ పక్కనే నిలబడ్డది. మడుగు నా కండ్ల ముందట ఉన్నది. నిజమే సారూ అని సంతకం పెట్టిన.